ఏ ఇల్లు, ఏ వస్తువు: సోదా వారెంటుకు ఉండవలసిన హద్దులు

నేరానికి సంబంధించిన వస్తువు గానీ పత్రం గానీ ఫలానా చోట ఉండవచ్చునని నమ్మడానికి తగిన ఆధారం ఉన్నదని న్యాయస్థానం తృప్తి చెంది, ఆ చోటును వెతికి దానిని స్వాధీనం చేసుకోవలసిందిగా పోలీసు అధికారికి లిఖితపూర్వకంగా ఇచ్చే ఆజ్ఞను సోదా వారెంటు అంటారు. ఇంటివారు ఒప్పుకోకపోయినా గడప దాటి లోపలికి వెళ్లే అధికారం ఆ కాగితం వల్లనే వస్తుంది కాబట్టి, ఆ అధికారం ఎంతవరకు అన్నది కూడా ఆ కాగితమే చెప్పవలసి ఉంటుంది. ఈ రెండో సంగతి సాధారణంగా ఎవరి దృష్టికీ రాదు. సోదా జరిగిందని విన్నవెంటనే వారెంటు ఉందా లేదా అని అడుగుతారే తప్ప, ఉన్న వారెంటులో ఏమి రాసి ఉందని అడిగేవారు అరుదు. న్యాయచరిత్రను పరిశీలిస్తే మాత్రం, రెండున్నర శతాబ్దాలుగా సాగుతున్న వాదమంతా ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరిగిందని తెలుస్తుంది.

వారెంటులో స్పష్టంగా ఉండవలసినవి ప్రధానంగా రెండు: వెతకవలసిన చోటు, స్వాధీనం చేసుకోవలసిన వస్తువు. ఈ రెంటినీ ఆనవాళ్లతో సహా పేర్కొనడాన్నే న్యాయ పరిభాషలో నిర్దిష్టత అంటారు. ఇది కేవలం నమూనా పత్రంలో ఖాళీలు పూరించే పని కాదు. ఏ గదిని తెరవాలి, ఏ పత్రాన్ని తీసుకుపోవాలి అన్న నిర్ణయం సోదాకు ముందే, ఆ కేసులో ఏ పట్టింపూ లేని న్యాయాధికారి చేతుల మీదుగా జరగాలా, లేక గుమ్మంలో నిలబడిన అధికారి ఇష్టానికి వదిలేయాలా అన్నదే ఇందులోని అసలు విషయం. నిర్దిష్టంగా రాసిన వారెంటు అధికారికి హద్దు గీస్తుంది, ఇంటివారికి ఆ హద్దు ఎక్కడుందో తెలుపుతుంది, హద్దు దాటిందా లేదా అని తరువాత తేల్చవలసిన న్యాయస్థానానికి కొలబద్దగా నిలుస్తుంది. ఏదీ రాయని వారెంటు ఈ మూడింటిలో ఒక్కటీ చేయలేదు. దానికి న్యాయాధికారి సంతకం ఉన్నా, లోపల జరిగేదంతా అధికారి సొంత నిర్ణయమే అవుతుంది.

పేరూ ఊరూ లేని ఇటువంటి వారెంట్లకు ఇంగ్లండులో సాధారణ వారెంట్లు అన్న పేరుండేది. 1763 ఏప్రిల్ 23న వెలువడిన నార్త్ బ్రిటన్ పత్రిక 45వ సంచిక రాజు ప్రసంగాన్ని తీవ్రంగా విమర్శించడంతో, ప్రభుత్వ కార్యదర్శి లార్డ్ హాలిఫాక్స్ ఆ సంచిక రచయితలను, ముద్రాపకులను, ప్రచురణకర్తలను పట్టుకుని వారి కాగితాలతో సహా తీసుకురావలసిందిగా వారెంటు జారీ చేశాడు. అందులో ఒక్క మనిషి పేరూ లేదు. రాజు సిబ్బంది ఆ ఒక్క కాగితాన్ని చేతబట్టుకుని, అనుమానం వచ్చిన ఇళ్లన్నీ తొక్కి, కొద్ది రోజుల్లోనే 49 మందిని నిర్బంధించారు. పార్లమెంటు సభ్యుడు జాన్ విల్క్స్ ఇంట్లో తాళాలు తీసేవాణ్ని పిలిపించి బల్ల సొరుగులు తెరిపించి, కనిపించిన కాగితాలన్నిటినీ, చివరికి ఆయన వీలునామాను కూడా, గోతంలో కుక్కి తీసుకుపోయారు. విల్క్స్ వేసిన దావాలో జ్యూరీ ఆయనకు 1,000 పౌండ్ల నష్టపరిహారం ఇప్పించింది. అదే వారెంటు కింద ఆరు గంటలపాటు మాత్రమే నిర్బంధంలో ఉన్న హకిల్ అనే ముద్రణాలయ కార్మికునికి 300 పౌండ్లు దక్కాయి. నిర్బంధంలో అతనికి మంచి భోజనమే పెట్టారని, కాబట్టి జరిగిన నష్టం స్వల్పమని ప్రతివాదులు వాదించినా ప్రధాన న్యాయమూర్తి ప్రాట్ అంగీకరించలేదు. పేరు లేని వారెంటుతో మనిషిని పట్టుకోవడమే ఒక పెద్ద అపకారమని, దానికి ఎంత పెద్ద మొత్తమైనా జ్యూరీ విధించవచ్చునన్న మాట మీద ఆయన నిలబడ్డాడు.

ఈ వరుసలో అన్నిటికంటే ముఖ్యమైనది 1765లో తీర్పు వెలువడిన ఎంటిక్ కేసు. 1762 నవంబరులో నేథన్ కారింగ్టన్ అనే అధికారి, మరో ముగ్గురు కలిసి జాన్ ఎంటిక్ అనే రచయిత ఇంట్లోకి చొరబడి, నాలుగు గంటలపాటు పెట్టెలూ సొరుగులూ పగలగొట్టి, వందల కొద్దీ కాగితాలు ఎత్తుకుపోయారు. ఇక్కడి విశేషమేమంటే, వారి చేతిలోని వారెంటులో ఎంటిక్ పేరు స్పష్టంగానే ఉంది. లేనిదల్లా ఏ కాగితాలన్న వివరం. పుస్తకాలనూ కాగితాలనూ తీసుకురమ్మని మాత్రమే అందులో రాసి ఉంది. మనిషిని పేర్కొన్నంత మాత్రాన వస్తువును పేర్కొనకపోవడమనే లోపం తీరదని, పైగా అటువంటి వారెంటు ఇచ్చే అధికారాన్ని కార్యదర్శికి ఏ చట్టమూ ఇవ్వలేదని, అప్పటికి లార్డ్ కామ్డెన్‌గా బిరుదు పొందిన ఆ ప్రాట్ న్యాయమూర్తే తీర్పు చెప్పాడు. మరుసటి ఏడు, 1766లో, బ్రిటిష్ కామన్స్ సభ సాధారణ వారెంట్లను ఖండిస్తూ తీర్మానం చేసింది.

ఇంగ్లండులో పత్రికల మీద ప్రయోగించిన ఈ ఆయుధాన్ని అమెరికా వలసల్లో వర్తకుల మీద ప్రయోగించారు. సుంకం ఎగ్గొట్టిన సరుకు కోసం ఏ ఇంటినైనా, ఏ గోదామునైనా వెతికేందుకు సుంకాల అధికారులకు ఇచ్చిన ఆదేశపత్రాలు ఒకసారి జారీ అయ్యాయంటే, ఆ రాజు బతికినంత కాలమూ, ఆయన పోయిన తరువాత మరో ఆరు నెలలూ చెల్లుబాటయ్యేవి. 1760లో రెండో జార్జి మరణించడంతో కొత్త పత్రాలు అవసరమైనప్పుడు బోస్టన్ వర్తకుల తరఫున జేమ్స్ ఓటిస్ 1761 ఫిబ్రవరిలో వాటిని ఎదిరించి వాదించాడు. కేసు ఓడిపోయాడు గానీ, ఆ వాదాన్ని కోర్టులో కూర్చుని విన్న యువ న్యాయవాది జాన్ ఆడమ్స్ తరువాత మసాచుసెట్స్ రాజ్యాంగంలో నిర్దిష్టత నియమాన్ని పొందుపరిచాడు. అదే నియమం 1791లో అమల్లోకి వచ్చిన అమెరికా రాజ్యాంగ నాలుగో సవరణలో స్థిరపడింది. వెతకవలసిన చోటును, పట్టుకోవలసిన వ్యక్తులను లేదా వస్తువులను ప్రత్యేకంగా వర్ణించని వారెంటు జారీ కారాదని ఆ సవరణ శాసిస్తుంది. అంటే అక్కడ నిర్దిష్టత న్యాయాధికారి విచక్షణకు వదిలిన విషయం కాదు, చట్టసభ కూడా మార్చలేని రాజ్యాంగ షరతు.

ఆ షరతు ఎంత కచ్చితమైనదో 2004లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన గ్రో కేసులో దగ్గరగా చూడవచ్చు. మాంటానా రాష్ట్రంలోని ఒక పశుక్షేత్రంలో ఆటోమేటిక్ తుపాకులు, గ్రెనేడ్లు, రాకెట్ లాంచర్ వంటి ఆయుధాలు ఉన్నాయన్న సమాచారంతో జెఫ్ గ్రో అనే కేంద్ర అధికారి వారెంటు కోసం దరఖాస్తు చేశాడు. దరఖాస్తులో ఆయుధాల జాబితా చక్కగా ఉంది, ప్రమాణపత్రంలో కారణాలు సవివరంగా ఉన్నాయి. అయితే వారెంటు పత్రాన్ని కూడా ఆ అధికారే స్వయంగా తయారు చేస్తూ, స్వాధీనం చేసుకోవలసిన వస్తువులను రాయవలసిన గడిలో పొరపాటున ఇంటి వర్ణన రాశాడు: అది నీలిరంగు వేసిన రెండంతస్తుల ఇల్లని మళ్లీ అదే వివరం. మేజిస్ట్రేటు దానిని గమనించకుండానే సంతకం చేశాడు. సోదాలో అక్రమ ఆయుధమేదీ దొరకలేదు. జాబితా దరఖాస్తులో ఉంది కదా, సోదా కూడా ఆ జాబితాను దాటలేదు కదా అని ప్రభుత్వం వాదించినా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నిర్దిష్టత ఉండవలసింది వారెంటులో. వెనుక ఉన్న కాగితాల్లో ఉంటే చాలదు. దరఖాస్తును వారెంటులో భాగంగా ప్రస్తావించి, దానిని వెంట జతపరిస్తే అది వేరే సంగతి. చదివినవారికి ఎవరికైనా కొట్టొచ్చినట్టు కనిపించే లోపమున్న ఆ వారెంటు చెల్లదని, వారెంటే లేని సోదాతో అది సమానమని కోర్టు నిర్ణయించింది. ఇంటివారికి ఇచ్చిన కాగితంలో ఏమి వెతుకుతున్నారో లేకపోవడం, ఆ జాబితా మరుసటి రోజు వారి న్యాయవాది అడిగిన మీదట గానీ అందకపోవడం ఈ కేసులో తేలికగా దాటవేయదగిన విషయాలు కావు.

అయితే నిర్దిష్టత అంటే దోషరహితమైన వర్ణన అని అర్థం కాదు. వారెంటు పట్టుకుని వెళ్లిన అధికారి సహేతుకమైన ప్రయత్నంతో ఆ చోటును గుర్తుపట్టగలిగితే చాలునని అమెరికా సుప్రీంకోర్టు 1925లోనే చెప్పింది. తెలుగు పట్టణాల్లో ఒకే ఇంటికి పాత నెంబరు ఒకటి, కొత్త నెంబరు ఒకటి ఉండడం, రికార్డుల్లో ఒకటీ గోడ మీద ఇంకొకటీ కనిపించడం మామూలే. ఆ తేడా ఒక్కటే చూపి వారెంటును కొట్టివేయమనడం ఎక్కడా నిలిచే వాదన కాదు, ఇంటి గుర్తులు, ఇంటి యజమాని పేరు, వీధి కలిసి ఏ ఇల్లో చెబుతున్నప్పుడు. కానీ ఒకే ద్వారంలోంచి వెళ్లే నాలుగు వాటాల ఇంటికి, ఏ వాటా అన్నది రాయకుండా వారెంటు ఇస్తే అది వేరే ప్రశ్న. అద్దెకున్న నాలుగు కుటుంబాలవి నాలుగు వేర్వేరు ఇళ్లు, గోడలు ఉమ్మడివైనంత మాత్రాన గోప్యత ఉమ్మడిది కాదు. బాల్టిమోర్ నగరంలో ఒక భవనం మూడో అంతస్తుకు ఇచ్చిన వారెంటుతో వెళ్లిన పోలీసులు, ఆ అంతస్తులో రెండు వాటాలున్నాయని తెలియక పక్కవాటాలో హెరాయిన్ పట్టుకున్నారు. 1987లో ఆ కేసు తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు, వారెంటు చెల్లుబాటును జారీ చేసేనాటికి అధికారులకు తెలిసిన, తెలుసుకోదగిన విషయాలను బట్టి తేల్చాలని చెప్పి ఆ సోదాను సమర్థించింది. అదే తీర్పులో, రెండు వాటాలున్నాయని తెలిసిన మరుక్షణం రెండోదానిలో సోదా ఆపివేయక తప్పదని కూడా చెప్పింది.

వస్తువు విషయంలో కావలసిన నిర్దిష్టత వస్తువును బట్టి మారుతుంది. గంజాయి, దొంగనోట్లు వంటివి ఎవరి దగ్గర ఉన్నా నేరమే కాబట్టి వాటిని జాతి పేరుతో చెప్పినా సరిపోతుంది, వాటి తూకం, లెక్క ముందే రాయమని ఎవరూ అడగరు. దొంగసొత్తుకు ఆనవాళ్లు కావాలి. బంగారు గొలుసు అని మాత్రమే రాస్తే ప్రతి ఇంట్లోనూ దొరుకుతుంది, తూకం, మోడల్, లాకెట్టు వివరం రాస్తేనే ఫలానా గొలుసు అవుతుంది. వెతకడానికి వీలయ్యే చోటును కూడా వస్తువే నిర్ణయిస్తుంది: దొంగిలించిన ఎద్దు కోసం వచ్చినవారికి బీరువా అర తెరవవలసిన పని ఉండదు. లెక్కల పుస్తకాలు, ఉత్తరాల దగ్గరికి వచ్చేసరికి నియమం మరింత బిగుస్తుంది, ఎందుకంటే కావలసిన ఒక్క కాగితం దొరకాలంటే అక్కర్లేని వంద కాగితాలు తిరగెయ్యక తప్పదు. అందుకే ఏ నేరానికి సంబంధించినవి, ఏ లావాదేవీకి చెందినవి, ఏ కాలానికి చెందినవి అన్న మూడు విషయాలు పత్రాల వారెంటుకు ప్రాణం. మేరీలాండ్‌లో ఒక భూమి అమ్మకపు మోసం కేసులో పత్రాల పట్టికను వివరంగా రాసి, చివర ఇతర సాక్ష్యాలు కూడా అని చేర్చారు; ఆ చివరి మాట పట్టికలో చెప్పిన ఆ మోసానికి సంబంధించిన సాక్ష్యాలకే వర్తిస్తుందన్న అర్థంలోనే 1976లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వారెంటును నిలబెట్టింది. ముందు వచ్చిన పట్టిక లేకుండా ఆ చివరి మాట ఒక్కటే ఉంటే దానికి నిలబడే కాలు లేదు.

పుస్తకాలనూ భావాలనూ ముట్టుకునే వారెంటుకు ఉండవలసిన నిర్దిష్టత అన్నిటికంటే ఎక్కువ. టెక్సాస్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీకి సంబంధించిన పుస్తకాలూ రికార్డులూ కరపత్రాలూ స్వాధీనం చేసుకొమ్మన్న వారెంటుతో శాన్ ఆంటోనియో నగరంలోని ఒక పుస్తక వ్యాపారి ఇంటికి వచ్చిన అధికారులు నాలుగు గంటలకు పైగా వెతికి, సుమారు రెండు వేల పుస్తకాలూ కాగితాలూ 14 పెట్టెల్లో తీసుకుపోయారు. వాటిలో మార్క్స్, సార్త్ర్ రచనలే కాక పోప్ 23వ జాన్ రచనలు, ఆనాటి అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తే అయిన హ్యూగో బ్లాక్ రచనలు కూడా ఉన్నాయి. తీరా చూస్తే పార్టీ రికార్డు ఒక్కటీ లేదు. వారెంటు గురి తప్పినప్పుడు అధికారి చెయ్యి ఎక్కడెక్కడికి పోతుందో చెప్పడానికి ఆ 14 పెట్టెలకు మించిన ఉదాహరణ దొరకదు. 1965లో సుప్రీంకోర్టు దానిని సాధారణ వారెంటుగానే తేల్చి కొట్టివేసింది.

భారతదేశానికి వచ్చేసరికి చట్టం మరో దారిలో నడుస్తుంది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 96వ సెక్షనుగా, 1973 నాటి కోడ్‌లో 93వ సెక్షనుగా ఉన్న నిబంధన, 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో తిరిగి 96వ సెక్షనుగా వచ్చింది. దాని ప్రకారం న్యాయస్థానం మూడు సందర్భాల్లో సోదా వారెంటు ఇవ్వవచ్చు. సమన్లు పంపినా ఫలానా వ్యక్తి పత్రాన్నో వస్తువునో హాజరుపరచడని నమ్మడానికి కారణం ఉన్నప్పుడు ఇవ్వవచ్చు. ఆ వస్తువు ఎవరి దగ్గర ఉందో కోర్టుకు తెలియనప్పుడు ఇవ్వవచ్చు. విచారణ ప్రయోజనాలకు సాధారణ సోదా ఉపకరిస్తుందని కోర్టు భావించినప్పుడు కూడా ఇవ్వవచ్చు. ఈ మూడో సందర్భంలో వస్తువును పేర్కొనడం తప్పనిసరి అన్న మాట సెక్షనులో లేదు. చోటు విషయంలో కూడా, కోర్టు తగునని తలిస్తే ఫలానా చోటుకో అందులో ఒక భాగానికో సోదాను పరిమితం చేయవచ్చునని మాత్రమే ఉంది. అలా పరిమితం చేస్తే మాత్రం అధికారి ఆ చోటునే వెతకాలి. కామన్స్ సభ 1766లో ఏ సాధారణ సోదాను ఖండించిందో, ఆ మాటనే ఆ దేశపు పాలకులు 1898లో ఇక్కడి శాసనంలో పెట్టి వెళ్లారు, స్వతంత్ర భారతం దానిని రెండు సార్లు కోడ్‌ను తిరగరాసినా తొలగించలేదు. ఇది సరిదిద్దవలసిన సంగతి.

విచిత్రమేమంటే, అదే సంహిత రెండో షెడ్యూలులో ఉన్న వారెంటు నమూనా ఇంతకంటే కచ్చితంగా ఉంది. హాజరుపరచవలసిన వస్తువును స్పష్టంగా పేర్కొనవలసిన ఖాళీ అందులో ఒకటి, సోదాను ఏ ఇంటికి లేదా అందులో ఏ భాగానికి పరిమితం చేయాలో వర్ణించవలసిన ఖాళీ ఇంకొకటి ఉన్నాయి. వస్తువు దొరికితే వెంటనే కోర్టు ముందుంచి, ఏమేమి చేశారో వారెంటు మీదనే ధ్రువీకరించి తిప్పి పంపాలన్న ఆదేశమూ ఉంది. మరో విచిత్రం 185వ సెక్షనులో కనిపిస్తుంది. దర్యాప్తులో ఆలస్యమైతే వస్తువు చేజారుతుందని భావించిన పోలీసు అధికారి వారెంటు లేకుండానే సోదా చేయడానికి ఆ సెక్షను వీలు కల్పిస్తుంది. ఆచరణలో దర్యాప్తు అధికారులు తరచు ఆశ్రయించేది దీనినే. అయితే సోదాకు ముందు తన నమ్మకానికి ఆధారాలేమిటో, వీలైనంత వరకు ఏ వస్తువు కోసం వెతుకుతున్నాడో రాతలో పెట్టాలని, ఆ రాత ప్రతిని 48 గంటలలోగా సమీప మేజిస్ట్రేటుకు పంపాలని అది నిర్బంధిస్తుంది. పోలీసు కలానికి విధించిన ఈ నిర్బంధం న్యాయాధికారి కలానికి మాటవరసకైనా విధించకపోవడం వెనుక, న్యాయాధికారి తనంతట తానే జాగ్రత్తపడతాడన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకం నిలబడేదీ లేనిదీ ఆయన రాసే ఆదేశాన్ని బట్టే తెలుస్తుంది.

ఈ విషయం మన సుప్రీంకోర్టు ముందుకు తొలినాళ్లలోనే వచ్చింది. దాల్మియా సంస్థల కేసులో 1953 నవంబరులో ఢిల్లీ జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చిన వారెంట్లతో 34 చోట్ల సోదాలు జరిపి రాశుల కొద్దీ రికార్డులు స్వాధీనం చేసుకున్నప్పుడు, ఎం.పి. శర్మ కేసుగా పేరుపడిన 1954 తీర్పులో ఎనిమిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వాటిని నిలబెట్టింది. సోదా అధికారం సమాజ రక్షణ కోసం రాజ్యానికి ఉండక తప్పని అధికారమని, అమెరికా నాలుగో సవరణ వంటి దానిని మన రాజ్యాంగ నిర్మాతలు చేర్చలేదు కాబట్టి దానిని కోర్టు బయటి నుంచి తెచ్చి పెట్టలేదని ఆ ధర్మాసనం భావించింది. 1979లో కేరళ నుంచి వచ్చిన కుట్టన్ పిళ్లై కేసులో ఒక సభ కార్యాలయం లెక్కల పుస్తకాల కోసం ఇచ్చిన సాధారణ సోదా వారెంటును కూడా సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే ఆ తీర్పులో ఒక మెలిక ఉంది. సోదా వారెంటు ఇవ్వడం తేలికపాటి వ్యవహారం కాదని, రెండు ముక్కల్లో యాంత్రికంగా ఆదేశం రాసి పారేయరాదని, మేజిస్ట్రేటు తన మనస్సును విషయం మీద నిలిపినట్టు ఆ ఆదేశంలోనే కనిపించాలని, కారణాలు రాయాలని కోర్టు చెప్పింది. శాసనంలో లేని హద్దును కారణాల రూపంలో కొంతవరకైనా తెచ్చిన మాట అది. కారణం రాయడానికి కూర్చున్న మేజిస్ట్రేటుకు ఏ వస్తువు, ఏ చోటు అన్న ప్రశ్నలను తప్పించుకోవడం కష్టం.

ఈ ఆలోచనను పూర్తిస్థాయిలో ముందుకు తీసుకువెళ్లిన కేసు తెలుగు నేల మీద పుట్టింది. స్టాంపు సుంకం ఎగవేతను అరికట్టేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986 నాటి 17వ చట్టంతో భారత స్టాంపు చట్టంలోని 73వ సెక్షనును సవరించి, కలెక్టరు రాతపూర్వకంగా అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా ఏ ఆవరణలోకైనా ప్రవేశించి, సుంకం సరిగా చెల్లించలేదనుకున్న పత్రాలను తనిఖీ చేసి స్వాధీనం చేసుకోవచ్చునని చెప్పింది. హైదరాబాదులోని బ్యాంకుల్లో ఖాతాదారులు దాచుకున్న పత్రాల మీదికి ఈ అధికారం వచ్చినప్పుడు బ్యాంకులు హైకోర్టుకు వెళ్లాయి, హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది, జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు చేసిన అప్పీలును 2004లో సుప్రీంకోర్టు తిరస్కరించింది. కెనరా బ్యాంకు కేసుగా ప్రసిద్ధమైన ఆ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లాహోటీ ఆ సెక్షనులో లేనివాటిని ఒక్కొక్కటిగా ఎత్తి చూపారు: వెళ్లే వ్యక్తికి కనీస హోదా ఉండాలన్న నియమం లేదు, వెళ్లడానికి ముందు కారణాలు రాయాలన్న నియమం లేదు, ఏ పత్రం కోసం వెళుతున్నారన్నదానికి హద్దు లేదు. బ్యాంకుకు అప్పగించిన పత్రం మీద ఖాతాదారుకు గోప్యత పోదని, గోప్యత చోట్లకు సంబంధించినది కాదని, మనుషులకు సంబంధించినదని కూడా ఆ తీర్పు చెప్పింది. ఇంగ్లండు ఎంటిక్ కేసును, అమెరికా నాలుగో సవరణను ఆ తీర్పు విస్తారంగా చర్చించింది. ఇల్లు తాకట్టు పెట్టుకున్న మామూలు ఖాతాదారుకు ఈ తీర్పు ఇచ్చిన రక్షణ తెలుగువారికి తెలియవలసినంతగా తెలియలేదు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించి, గోప్యతకు రాజ్యాంగ రక్షణ లేదన్నంత మేరకు ఎం.పి. శర్మ తీర్పును తోసిపుచ్చింది. దానితో సాధారణ సోదా కూడా ఒక ప్రాథమిక హక్కుకు కలిగించే భంగంగానే పరీక్షకు నిలబడవలసి వచ్చింది: దానికి శాసన ఆధారం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, లక్ష్యానికి అవసరమైనంత మేరకే అది ఉండాలి. ఈ మూడో షరతు, అనుపాతం, నిర్దిష్టతకు మరో రూపమే. అవసరమైనంత అని కొలవాలంటే ఎంత అవసరమో ముందే రాసి ఉండాలి కాబట్టి, 96వ సెక్షనులో కోర్టు తగునని తలిస్తే పరిమితం చేయవచ్చునన్న మాటను ఇకపై పరిమితం చేయక తప్పదన్న అర్థంలో చదవడమే రాజ్యాంగానికి తగిన పని.

ఇక వారెంటులో లోపం ఉంటే దొరికిన సాక్ష్యం ఏమవుతుందన్నది రెండు దేశాలనూ మరింత దూరం చేసే ప్రశ్న. అమెరికాలో 1961 నాటి మాప్ తీర్పు తరువాత అక్రమ సోదాలో దొరికిన సాక్ష్యాన్ని ఏ కోర్టూ విచారణలో వాడకూడదన్న నియమం రాష్ట్రాలకూ వర్తించింది. 1984లో లియాన్ కేసు, వారెంటు చెల్లుతుందని సద్భావంతో నమ్మిన అధికారికి మినహాయింపు ఇచ్చినా, వస్తువునో చోటునో పేర్కొననే పేర్కొనని వారెంటును చూసి అలా నమ్మానని చెప్పుకోవడం కుదరదని అక్కడే హద్దు పెట్టింది. భారతదేశంలో ఆ నియమం లేదు. బట్వాడా కాని ఉత్తరాలు ఒక పోస్ట్‌మ్యాన్ ఇంట్లో దొరికిన రాధాకిషన్ కేసులో, సోదా అక్రమమైతే ఇంటివారు దానిని ప్రతిఘటించవచ్చునని, కోర్టు ఆ సాక్ష్యాన్ని నిశితంగా పరిశీలించాలని, అంతమాత్రాన స్వాధీనమే చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు చెప్పింది. 1973 చివర పూరన్‌మల్ కేసులో ఆదాయపు పన్ను సోదాలకు కూడా అదే సూత్రం వర్తించింది. అందువల్ల ఇక్కడ వారెంటు లోపాన్ని ఎత్తిచూపడానికి అనువైన సమయం విచారణ దశ కాదు, వారెంటు అమలయ్యే వేళా, ఆ వెంటనే హైకోర్టును ఆశ్రయించే వేళా. ఆ వేళకు చేతిలో ఆధారాలుండాలి. సంహితలోని 103వ సెక్షను ప్రకారం ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది స్వతంత్రులైన పెద్దమనుషులు, అంటే తెలుగు పోలీసు స్టేషన్లలో మధ్యవర్తులుగా, పంచులుగా పిలిచేవారు, సాక్షులుగా ఉండాలి; ఇంటివారిని సోదా జరిగినంతసేపూ అక్కడ ఉండనివ్వాలి; స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా తయారుచేసి ప్రతి వారికి ఇవ్వాలి. 105వ సెక్షను ఈ తతంగమంతా వీడియో తీయాలని కొత్తగా నిర్బంధించింది. వారెంటులో ఉన్న జాబితాను, పంచనామాలో ఉన్న జాబితాను పక్కపక్కన పెట్టి చూస్తే హద్దు దాటిందో లేదో తెలిసిపోతుంది, మొదటి జాబితా అంటూ ఉంటే.

ఇదంతా కాగితాలూ బీరువాలూ ఉన్న కాలపు చట్టం. 94వ సెక్షను ఇప్పుడు డిజిటల్ సాక్ష్యం ఉండే అవకాశమున్న కమ్యూనికేషన్ పరికరాలను కూడా పేర్కొంటుంది, ఆ విధంగా 96వ సెక్షను వారెంటుకు ఫోనూ కంప్యూటరూ వస్తువులయ్యాయి. నల్లరంగు ఫోను, ఫలానా కంపెనీ, ఫలానా నెంబరు అని వారెంటులో రాస్తే వస్తువు పేర్కొన్నట్టే కనిపిస్తుంది. నిజానికి అది ఇంటి తలుపును వర్ణించి ఇంట్లో దేనికోసమో రాయకపోవడమే, ఎందుకంటే ఆ ఒక్క పరికరంలో భార్యాభర్తల సంభాషణలు, వైద్య నివేదికలు, బ్యాంకు లెక్కలు, పిల్లల ఫోటోలు, వృత్తిరీత్యా నమ్మి చెప్పినవారి రహస్యాలు ఏళ్ల తరబడి పోగుపడి ఉంటాయి. అరెస్టు చేసిన మనిషి జేబులోని ఫోనును కూడా వారెంటు లేకుండా వెతకరాదని అమెరికా సుప్రీంకోర్టు 2014లో రైలీ కేసులో చెప్పడానికి కారణం ఇదే. మన దేశంలో కర్ణాటక హైకోర్టు 2021లో వీరేంద్ర ఖన్నా కేసులో స్మార్ట్‌ఫోను, ఈ-మెయిల్ ఖాతాల సోదాకు అనుసరించవలసిన పద్ధతిని వివరించింది. పాత్రికేయుల పరికరాల స్వాధీనంపై వచ్చిన పిటిషనులో సుప్రీంకోర్టు 2023లో మార్గదర్శకాలు రూపొందించవలసిందిగా కేంద్రాన్ని కోరింది.

ఫోను వారెంటుకు ఎంత నిర్దిష్టత కావాలన్నదానికి పత్రాల చట్టమే దారి చూపుతుంది: ఏ నేరం, ఎవరితో జరిగిన లావాదేవీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఆ నేరానికి సంబంధమున్న ఏ రకపు రికార్డులు అన్నవి రాయాలి. కాగితాల సోదాలో లేని రెండు అంశాలు ఇక్కడ అదనంగా రావాలి. పరికరం మొత్తాన్ని నకలు తీసుకున్న తరువాత ఆ నకలును ఎవరు, ఏ పరిధిలో తెరచి చూడాలో ఒకటి. సంబంధం లేని సమాచారాన్ని ఎప్పటిలోగా తిరిగి ఇచ్చి, ప్రభుత్వం దగ్గరున్న నకలులోంచి తొలగించాలో రెండోది. ఈ రెండింటినీ 96వ సెక్షను గానీ, దాని నమూనా గానీ ఇంతవరకు అడగడం లేదు. వాటిని తన ఆదేశంలో రాయకుండా మేజిస్ట్రేటును ఆపే మాట కూడా ఆ సెక్షనులో ఎక్కడా లేదు.